బొమ్మ వేళ్లు

ఫోన్లలో ఆడే కదిలే బొమ్మలు తయారుచేసే ఆ ఆఫీసులో అతన్ని అందరూ కత్తెర అనేవాళ్లు. అతను ఆ పేరును బిరుదులా మోసుకు తిరిగేవాడు. సిగ్నల్ నత్తనడక నడిచే చోట వీడియో ఆడదు. అందుకని బొమ్మను ముందే ఫోన్‌లోకి దింపి, దాని కీళ్లు ఎప్పుడు ఎంత తిరగాలో ఆ లెక్క మాత్రమే పంపుతారు. ఆ లెక్కను ఇంకా పిండి, ఇంకా సన్నం చేసి పంపడం కత్తెర ఉద్యోగం. లేకపోయినా ఎవరూ గమనించని కదలికలు ఏవో కనిపెట్టి తీసేయాలి. ఇందులో తనను మించినవాడు లేడని అతని నమ్మకం. కదలికలు గీసే అమ్మాయి రోజుల తరబడి కూర్చుని బొమ్మకు రెప్పపాటు పెడితే, టీ చల్లారేలోపు దాన్ని ఊడబీకేవాడు. "ఎవడు చూస్తాడమ్మా ఇదంతా?" అనేవాడు. చూసేవాళ్లంటే అతనికి ఎప్పుడూ చులకనే. పల్చటి సిగ్నల్‌తో బతికేవాళ్లకు పల్చటి బొమ్మ చాలని అతని సిద్ధాంతం. దాన్ని సిద్ధాంతం అనడం ఆ మాటకే అవమానం.

ఒక ఆసుపత్రి వాళ్లు చెవులు వినిపించని రోగుల కోసం సైగలు చేసే బొమ్మ కావాలన్నారు. ఏ మందు ఎప్పుడు, ఎన్ని మాత్రలు వేసుకోవాలో అది చేతులతో చెప్పాలి. కత్తెర తన ప్రోగ్రామ్‌ను ఎప్పటిలాగే నడిపాడు. అది పెద్ద కదలికలను ఉంచి చిన్నవాటిని పారేస్తుంది. భుజం తిరిగితే చెయ్యి బారెడు దూరం పోతుంది, వేలు తిరిగితే గింజంత. కాబట్టి భుజాలూ, నడుమూ, ఊగే జడా నిక్షేపంగా మిగిలాయి, వేళ్లు పోయాయి. తెడ్డు లాంటి అరచేతులు మిగిలాయి. చేతులతో మాట్లాడే బొమ్మకు వేళ్లు తీసేసి జడ ఉంచిన తెలివిని ఎంత తిట్టినా తక్కువే.

"సైగంటే వేళ్లే కదండీ," అని ఆ వేళ్లు గీసిన అమ్మాయి మొత్తుకుంది.

"ఫైలు సైజు చూడమ్మా, సగానికి సగం దిగింది," అన్నాడు కత్తెర.

ఆసుపత్రి వాళ్లది ఒకటే షరతు. చెవులు వినిపించనివాళ్లు ఒకరు బొమ్మను చూసి, అర్థమైందని చెప్పే వీడియో పంపాలి. అది అందితే పని ఒప్పుకున్నట్టు, కత్తెర టీముకు పెద్ద అయినట్టు. మనిషి కోసం అతను వెతకనక్కర్లేదు. సొంత అక్కకే పుట్టుకతో చెవులు వినిపించవు. ఒకే కప్పు కింద పెరిగి కూడా ఆమె చేతిమాట ఒక్కటీ నేర్చుకోని ఘనుడు ఇతను. ఏదైనా చెప్పాలంటే గాల్లో చెయ్యి విసిరేవాడు, ఆమె తల ఊపేది. దేనికైనా ఊపుతుంది అమాయకురాలు, అనుకుంటూ సెలవురోజు చూసుకుని ఆమె ఇంటికి బయల్దేరాడు.

బావ తలుపు తీశాడు. ఆయనకు చెవులు బాగానే పనిచేస్తాయి. పెళ్లయ్యాక భార్య కోసం చేతిమాట నేర్చుకున్న మనిషి.

"ఏరా, దారి తప్పి వచ్చావా?"

"పని మీదొచ్చాలే బావా."

అక్క తడిచేతులు తువ్వాలుకు తుడుచుకుని వచ్చి కూర్చుంది. కత్తెర ఒక ఫోన్‌లో బొమ్మను ఆడించి, ఇంకో ఫోన్‌తో ఆమెను వీడియో తీశాడు. బొమ్మ నడుము తిప్పింది, భుజాలు ఎగరేసింది, తెడ్డు చేతులు అటూ ఇటూ ఆడించింది. అయ్యాక అతను, బాగుందా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. అక్క తమ్ముడి మొహం చూసి నవ్వి, తల ఊపింది. వీడియో ఆపేశాడు.

అప్పుడు బావ భార్యను చేతులతో ఏదో అడిగాడు. ఆమె చకచకా జవాబిచ్చింది.

"ఏమంటోంది?" అన్నాడు కత్తెర.

"మాత్ర ఒకటో రెండో తెలీలేదట. పొద్దున వేసుకోవాలో రాత్రి వేసుకోవాలో అదీ తెలీలేదట."

"మరి తల ఊపిందిగా?"

"నీకెప్పుడూ అలాగే ఊపుతుందిరా," అన్నాడు బావ, మామూలు సంగతి చెబుతున్నట్టు. "చిన్నప్పట్నుంచీ నువ్వు చేతులు తిప్పేది తనకి ఒక్క ముక్క అర్థం కాదు. కాలేదంటే చిన్నబుచ్చుకుంటావని ఊపేస్తుంది. ఈ బొమ్మ కూడా అచ్చం నీలాగే మాట్లాడుతోందట."

కత్తెర మొహం ఎర్రబడింది. ఇన్నేళ్లూ అక్కతో తను చెప్పిందంతా గాలికి పోయిందని తెలిసినప్పుడు మనిషన్నవాడు కాసేపు కూలబడాలి, కనీసం ఆమె కళ్లలోకి చూడాలి. ఇతనికి తన వీడియో గుర్తొచ్చింది. "సరే బావా, చూస్తాలే," అని, మంచినీళ్లకన్నట్టు వంటింట్లోకి వెళ్లి, దాన్ని ఆసుపత్రికి పంపేశాడు. తర్వాత తీరిగ్గా నీళ్లు తాగాడు.

బావ స్నానానికి వెళ్లాడు. కత్తెర చెప్పులు వేసుకుంటుంటే అక్క గుమ్మం దాకా వచ్చింది. భుజం పట్టి తనవైపు తిప్పుకుని, తన ఒక్కో వేలూ విడదీసి చూపుతూ, పసివాడికి చెప్పినట్టు నెమ్మదిగా అడిగింది: ఇలాగే పంపితే నాలాంటివాళ్లు తప్పు మందు మింగుతారు, సరిచేసే పంపుతావు కదా?

కత్తెరకు ఏమీ అర్థం కాలేదు. నవ్వి, తల ఊపాడు.