ఉపవాసం రోజున రేచల్ ఆంటీ ఇంట్లో ఐదో దీపం

నాకు షుగర్ అని తేలిన ఏడాదే పదహారు సోమవారాల నోము పట్టాను. కంప్యూటర్ల వైటూకే గండం గట్టెక్కి, నేను ఉద్యోగానికొచ్చిన ఈ పరాయి నగరంలో తంజోంగ్ పగార్‌లోని మా ఆఫీసు కొత్త ప్రాజెక్టులతో ఊపిరాడకుండా ఉన్న రోజులవి. ఒక పక్క ఇన్సులిన్ పొడుచుకుంటూ, మరో పక్క పస్తులుండి జబ్బు పోగొట్టమని శివుణ్ణి వేడుకుంటూ, ఒక సోమవారం ట్రైన్‌లో కళ్ళు తిరిగి పడిపోయాను. డాక్టర్ చెడామడా తిట్టారు. నేను మొండిఘటాన్ని, నోము మానలేదు. క్లినిక్‌లో పరిచయమైన రేచల్ ఆంటీ మాత్రం తిట్టలేదు. ఆవిడ యూదురాలు, తాతలు బాగ్దాద్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. షుగర్ వల్లే ఒక కాలు మోకాలి కింద తీసేశారు. “వచ్చే సోమవారం మాకూ పెద్ద ఉపవాసం. ఇంటికి రా. బెల్ మాత్రం కొట్టకు లా, ఆ రోజు మేం కరెంటు వాడకూడదు, తలుపు తీసే ఉంచుతా,” అన్నారు, ఇక్కడివాళ్ళందరిలా మాట చివర ‘లా’ తగిలిస్తూ.

సెలవు పెట్టి మధ్యాహ్నం బయల్దేరాను. మా ఇంటి దగ్గరి యూ టీ స్టేషన్ నుంచి సిటీ హాల్‌కి రైలు మారే పని లేదు, ముప్పావు గంట పడుతుంది, టికెట్ రెండు డాలర్ల లోపే. అక్కణ్ణించి ఆంటీ ఉండే వాటర్లూ స్ట్రీట్ నడిచే దూరమే కానీ, ఉదయం నుంచి కాఫీ చుక్క కూడా లేక కాళ్ళు వణుకుతుంటే టాక్సీ ఎక్కాను. డ్రైవర్ తమిళ అంకుల్. “ఆ బిల్డింగా అమ్మా? పోయినేడు ఇదే పండగరోజు ఈ రోడ్డున వచ్చా. తెల్లబట్టల మనుషులు నడిచిపోతా ఉన్నారు. ఒక్కరన్నా నా పక్క చూడలే,” అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

వాన మబ్బు పట్టి మూడో అంతస్తు చీకటిగా ఉంది. ఓరగా తీసి ఉన్న తలుపు తోశాను. లైటు లేదు, ఫ్యాన్ లేదు. బల్ల మీద గాజు గ్లాసుల్లో నాలుగు నూనె దీపాలు. వాటికి ఎదురుగా, నావైపు వీపు పెట్టి, చక్రాల కుర్చీలో ఒక తెల్లని ఆకారం కదలకుండా కూర్చుని ఉంది.

“తోలు చెప్పులైతే బయటే వదిలెయ్, ఇవాళ మాకు తోలు పనికిరాదు,” అందా ఆకారం. ఆంటీ గొంతే. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాను.

“ఈ దీపాలెవరికి ఆంటీ?”

“పోయినవాళ్ళకి. అమ్మ, నాన్న, తమ్ముడు, మా ఆయన. మా నియమం ప్రకారం కుర్చీని ఇవాళ వీధిలోకి తొయ్యకూడదు. మావాళ్ళంతా గుడిలో ఉన్నారు. నేను వీళ్ళతో ఉన్నాను.”

వీధికి ఎదురుగా ఉన్న వాళ్ళ ప్రార్థనామందిరం నుంచి పాట పెద్దగా లేచి, ఠక్కున ఆగిపోయింది. గాలి లేకుండానే దీపాలు ఒకవైపు వాలాయి. ఆంటీ ఇసుక గడియారం తిప్పి, ఖర్జూరం కంటే చిన్న రొట్టెముక్క నోట్లో పెట్టుకుని కన్నీళ్ళతో నమిలారు. ఇసుకంతా జారేదాకా ఆగి మరో ముక్క తీసుకున్నారు.

“ఉపవాసమన్నారుగా!” అనేశాను.

“పస్తుంటే నా ప్రాణానికి ముప్పని డాక్టర్ చెప్పాడు. అలాంటివాళ్ళు తినాలనే మా ధర్మం. ఇలా కొంచెం కొంచెంగా, ఆగి ఆగి. ఆకలిదేముంది, చిన్నప్పటి నుంచీ అలవాటే. ఇవాళ తినడమే కష్టం. అందుకే దేవుడికి అదే ఇస్తున్నా.”

నాకు చెమటలు పట్టాయి. దీపాలు చెదిరి మళ్ళీ కుదురుకున్నాయి. ఐదోది సరిగ్గా నా ముందు వెలుగుతోంది.

“ఎన్ని కనిపిస్తున్నాయ్?” ఆంటీ నా మొహమే చూస్తున్నారు.

“ఐదు.”

“నేను వెలిగించింది నాలుగే.” ద్రాక్షరసం గ్లాసు నా ముందుకు జరిపారు. “తాగు. నువ్వు ఆగి ఆగి తాగొద్దు, గటగటా తాగెయ్.”

“సోమవారం ఆంటీ...”

“నువ్వు బతకడం మీ శివుడికి ఇష్టం లేదని నీకెవరు చెప్పారు?”

నాకు నిజంగా భయమేసింది. శివుడికి కోపం వస్తుందని కాదు, ఆ ఐదో దీపాన్ని చూసి. తాగేశాను. కాసేపటికి దీపాలు నాలుగయ్యాయి. ఆంటీ నిట్టూర్చి ఇసుక గడియారం తిప్పుకున్నారు.

జబ్బు పోవడమే దేవుడి దయ అనుకునేదాన్ని అంతవరకూ. ఒంటికాలితో, ఒంటరిగా, ఏడుస్తూ తిన్న ఆవిడలో ఉన్న ధైర్యం నా మొండితనంలో లేదు. మిగిలిన సోమవారాలూ నోము చేశాను, ముందు ఇడ్లీ తిని, ఆ తర్వాత దీపం పెట్టి.

ఆ పెద్ద ఉపవాసం రోజున వాటర్లూ స్ట్రీట్ వైపు వెళ్తే గుడ్డ చెప్పులు వేసుకోండి, బెల్ కొట్టకండి. షుగర్ ఉంటే బ్యాగులో గ్లూకోజ్ పొట్లం తప్పనిసరి. అది నోట్లో వేసుకోవడానికి దేవుడి పర్మిషన్ మళ్ళీ అడగక్కర్లేదు, మీ అందరి తరఫునా ఆ ఐదో దీపం ముందే నేను తెచ్చేసుకున్నాను.