మళ్లీ తవ్విన గుంత

ఆళ్లగడ్డ దగ్గరి ఒక పల్లెలో ఈ రోజు బడిపిల్లల తల్లిదండ్రులు శ్రమదానం చేశారు. నేనూ చూడ్డానికి పోయాను. బడి వాకిట్లో పెద్ద గుంత ఉంది. గిన్నెలకు కళాయి వేసే మస్తాన్ కూతురు పోయిన వానల్లో అందులో పడి కాలు విరగ్గొట్టుకుంది. అందుకే ఆయన అందరికంటే ముందు వచ్చాడు. శ్రమదానం మొదలుపెట్టడానికి రావాల్సిన అధికారి జీపు రాకముందే గుంత పూడిపోయింది.

హెడ్మాస్టరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఎవరప్పా పూడ్చమన్నది? మొదటి గంప మన్ను దొర పోయాల. మళ్లా తవ్వండి."

"పూడ్చిందాన్ని తవ్వేదేంది సార్? ఆయప్పను మీదనే ఇంకో గంప పోయమను."

"ఫోటోలో గుంత కనపడొద్దా మస్తానూ?"

తవ్వారు. మధ్యాహ్నం అధికారి వచ్చాడు. ఒక గంప మన్ను పోసి, ఫోటో తీయించుకొని, జనాన్ని ఎండలో నిలబెట్టి శ్రమ గొప్పదనం చెప్పి వెళ్లిపోయాడు. జనం కూడా విసుక్కుంటూ ఇళ్లకు పోయారు.

నేను నంద్యాల బస్సు ఎక్కేటప్పటికి మబ్బు పట్టింది. మస్తాన్ ఒక్కడే పార పట్టుకొని అదే గుంతలో మన్ను పోస్తున్నాడు. ఫోటోలో ఆయన లేడు.

నాకు రోత పుట్టింది. మీ ఊరి బడి దగ్గరా ఇలాంటి ఫోటో తీసి ఉంటే, ఆ గుంత ఇప్పుడెలా ఉందో చూసి చెప్పండి.