దేశానికో గడి, భాషకో గడి

మలేషియాలో బంటింగ్ నుంచి క్లాంగ్ వెళ్లే బస్సులో ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకుంటున్నాను. అమ్మ ఫోన్ చేస్తే నాకొచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో మాట్లాడి పెట్టేశాను. పక్క సీటులోని పెద్దావిడ వెంటనే ఇటు తిరిగింది.

"మనోడివేనా బాబూ! ఏటి రాస్తన్నావు?"

మా తెలుగు సంఘం హాలుకి ఇరవై కంప్యూటర్లు వచ్చాయని, వాటిలో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాలని చెప్పాను. ఎక్కించేటప్పుడు ఏ దేశం, ఏ భాష అని అడుగుతుంది. జవాబులు ముందే ఒక ఫైల్లో రాసిపెడితే ఇక ఎవరినీ అడగదు.

ఆవిడ మొహం గంటుపెట్టుకుంది.

"నా కూతుర్ని బళ్లో ఏసినప్పుడు గుమాస్తా కూడా అలాగే సేసినాడు. అడక్కుండానే తమిళం అని రాసేసినాడు. అది కొట్టేయించి తెలుగు రాయించినాను. రాసిందాకా కుర్సీలోంచి లెగలేదు లా! నువ్వేటి రాసినావు?" అంది, మాట చివర ఇక్కడి వాళ్లలా "లా" తగిలిస్తూ.

"దేశం మలేషియా, భాష ఇంగ్లీషు."

"దేశం మలేసియా అని రాసి బాస తెలుగంటే ఒప్పుకోదా?"

"ఒప్పుకుంటుందమ్మా. దేశానికో గడి, భాషకో గడి. దేనికదే."

"మరింకేటి?" అని చీరకొంగుతో నా స్క్రీను మీద దుమ్ము తుడిచింది.

ఇంగ్లీషు పక్కన తెలుగు కూడా చేర్చడం మొదలుపెట్టాను. ఇంతలో ఆవిడ దిగాల్సిన చోటు వచ్చింది. బస్సు ఆగింది. ఆవిడ లేవలేదు. డ్రైవరు కేకేస్తే మలయ్ భాషలో గట్టిగా చెప్పింది: "ఆగు, మావాడు రాస్తున్నాడు."

నా వచ్చీరాని తెలుగు విని కూడా నన్ను ఎవరైనా మావాడు అనడం అదే మొదలు.