సామర్లకోట గుడి పై అంతస్తుకి మేఘన ఎక్కిన రోజు

మా అమ్మాయి మేఘన ఏడో తరగతి చదువుతోంది. పుట్టుకతోనే ఎడమ కాలిలో బలం లేదు, ఊతకర్రలతో నడుస్తుంది. కిందటి డిసెంబరులో స్కూలువాళ్ళు పిల్లల్ని చుట్టుపక్కల పాత గుళ్ళు చూపించడానికి తీసుకెళ్తున్నారంటే సంబరంగా పేరిచ్చి వచ్చింది. మర్నాడు టీచరుగారు నాకు ఫోన్ చేశారు. "తప్పకుండా తీసుకెళ్తామండి. కాకపోతే గుళ్ళ దగ్గర పాప బస్సులోనే కూర్చోవాలి, అన్నీ మెట్లే కదండీ" అన్నారు. ఆవిడ మాటలో దురుద్దేశమేమీ లేదు. కానీ పక్కనే నిలబడి విన్న మేఘన, "బస్సులో కూర్చోడానికి అంతదూరం ఎందుకమ్మా?" అని అడిగింది. "అక్కర్లేదు. ఆదివారం మనమే వెళ్తున్నాం" అన్నాను.

రాజమండ్రిలో కారు మాట్లాడాను. డీజిలుతో కలిపి సాయంత్రం దాకా మూడు వేలు. బిక్కవోలు, సామర్లకోట, ద్రాక్షారామం ఒక్క రోజులో చూడాలన్నది నా పథకం. మా వారికి డ్యూటీ ఉండటంతో నేను, మేఘన, మూడో తరగతి చదివే కార్తీక్ బయల్దేరాం. ఉదయం ఏడింటికి కాలువ రోడ్డెక్కి, ద్వారపూడి దాటి, అనపర్తిలో టిఫినుకి ఆగాం. పెసరట్టు వేస్తున్నావిడ మేఘన కర్రల వంక చూసి, "ఎక్కడిదాకా అమ్మా?" అని అడిగింది. "గుళ్ళు చూడ్డానికండి" అంది మేఘన. "అయితే ఇంకోటి తిను. ఎండలో తిరగాలిగా" అంటూ ఆవిడ అడక్కుండానే మరో అట్టు వేసింది.

బిక్కవోలులో ఊళ్ళోని గుళ్ళు సులువుగానే చూశాం. చాళుక్యుల నాటి గుళ్ళు మరికొన్ని ఊరి బయట పొలాల్లో ఉన్నాయి. మేం చూడాలనుకున్న గుడి దాకా కారు పోదు, గట్టు మీద నడవాలి. రాత్రి నీళ్ళు పెట్టారేమో, గట్టు మెత్తగా ఉంది. సగం దారిలో కర్ర దిగబడి మేఘన బోర్లా పడింది. వెనక వస్తున్న డ్రైవరు సూరిబాబు గారు పరుగున వచ్చి, "నేనెత్తుకుంటానండి పాపని" అన్నారు. నేనూ వంగబోయాను. "ఎవరూ ఎత్తొద్దు" అంది మేఘన, పళ్ళు బిగించి. తనే లేచి, మట్టి చేతులు గౌనుకి తుడుచుకుని నడిచింది. గుడి గోడ మీది శిల్పాల్ని ఒక్కొక్కటే చూస్తూ చుట్టూ తిరిగింది. తొందర పెట్టాలనిపించలేదు.

ఆ ఆలస్యం వల్ల సామర్లకోట చేరేసరికి పదకొండున్నర దాటింది. ఇక్కడి భీమేశ్వరుడి గుడి రెండంతస్తులది. లింగం అంత ఎత్తు కాబట్టి కింద అడుగుభాగాన్ని, మెట్లెక్కి వెళ్ళి శిరస్సుని దర్శించుకోవాలి. కింద దర్శనమయ్యాక మేఘన మెట్లెక్కడం మొదలుపెట్టింది. సగం కూడా ఎక్కకముందే పూజారిగారు వచ్చి, "మూసేస్తున్నామమ్మా. మళ్ళీ నాలుగింటికి" అన్నారు. మేఘన కిందికి దిగింది.

"ద్రాక్షారామం పోదామాండి? అక్కడా మెట్లుంటాయి, నెమ్మదిగా ఎక్కొచ్చు" అన్నారు సూరిబాబు గారు. పథకం ప్రకారం అదే చెయ్యాలి. కానీ మేఘన గేటు పక్క అరుగు మీద కూర్చుంది.

"మీరు వెళ్ళి రండి. పైన చూస్తే గానీ నేను రాను."

"నాలుగ్గంటలా! మరి నా ద్రాక్షారామం?" అని కార్తీక్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. వాడి బాధా న్యాయమే. దగ్గర్లోని మెస్సులో భోజనం పెట్టించి, ద్రాక్షారామానికి వేరే ఆదివారం తీసుకెళ్తానని మాటిచ్చాను. మధ్యాహ్నమంతా కారు నీడలోనే గడిచింది.

నాలుగింటికి తలుపులు తీయగానే మేఘన మెట్ల దగ్గరికి వెళ్ళి కర్రలు తమ్ముడి చేతికిచ్చింది. మెట్టు మీద కూర్చుని, వెనక్కి చేతులు ఊని, ఒక్కో మెట్టు మీదికీ ఒంటిని లాక్కుంటూ ఎక్కసాగింది. వెనక జనం పెరిగారు. "పాపని ఎత్తుకుని పక్కకి జరగండమ్మా, లేటవుతోంది" అన్నారొకాయన. ఇలాంటప్పుడు సారీ చెప్పి పిల్లని చంకనెత్తుకోవడం నాకు అలవాటు. ఆ రోజు మాత్రం కదల్లేదు. "కాస్త ఆగండి. మా అమ్మాయి ఎక్కుతోంది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

పైకి చేరేసరికి మేఘన అరచేతులు ఎర్రగా కందిపోయాయి. ఎదురుగా లింగం శిరస్సు మీంచి పాలు జారుతున్నాయి. కూర్చునే దణ్ణం పెట్టుకుంటుందనుకున్నాను. "తమ్ముడూ, కర్రలియ్యి. నిలబడి చూడాలి" అంది.

ఈ ప్రయాణంలో మూడు చోట్లకి రెండే చూశాం. అయినా తిరుగుదారిలో ఏదో మిగిలిపోయిందన్న బాధ లేదు. ఇన్నేళ్ళూ మేఘనని ఎలా మోసుకెళ్ళాలా అనే ఆలోచించాను; దానికి కావలసింది ఎక్కేదాకా ఆగే మనుషులని సామర్లకోట మెట్ల మీద తెలిసింది. మీరూ పిల్లలతో ఈ దారిన వస్తుంటే ముందు సామర్లకోట వెళ్ళండి, బిక్కవోలు తర్వాత చూడొచ్చు. మధ్యాహ్నం గుడి మూసేస్తారు. ఉదయాన్నే చేరితే పిల్లలు ఎంత నెమ్మదిగా ఎక్కినా, ఎవరూ తొందర పెట్టరు.