కారం చేతులు

మా తోడికోడలి చేతులంటే నాకు కుళ్ళు. ఆవిడ చీరలూ కాదు, ఉద్యోగమూ కాదు, అచ్చంగా చేతులే. సత్తెనపల్లిలో కాలేజీలో పాఠాలు చెప్పి సాయంత్రానికి ఇంటికొస్తుంది. ఆ వేళ్ళకి మహా అయితే మార్కర్ మరక ఉంటుంది. నావి అలా కాదు. కల్లంలో ఎండిన మిరపకాయలు మా డాబా మీదికి చేరినప్పటి నుంచీ, తెల్లబారిన తాలు కాయలు ఏరడం నా పని. పొద్దుగూకేసరికి వేళ్ళు భగ్గుమంటుంటాయి. సబ్బుతో పోదు, శనగపిండితో పోదు. ఆ రోజులన్నీ మా అమ్మాయికి కంట్లో నలక పడినా, తల దువ్వాలన్నా పిన్ని దగ్గరికే పరుగు.

"నువ్వొద్దమ్మా, కారం!" అంటూ నా నుంచి వెనక్కి జరుగుతుంది. ఊహ తెలిసినప్పటి నుంచీ అదే మాట.

అందుకే అది గినీ పిగ్స్ కావాలని ఏడిస్తే, మారు మాట్లాడకుండా గుంటూరు తీసుకెళ్ళి కొనిపెట్టాను. కుందేలు పిల్లల్లాంటి బొచ్చు జీవాలు, నల్లదొకటి, తెల్లదొకటి. రెండూ మగవే. ఇక నా కొంగు పట్టుకు తిరుగుతుందిలే అనుకున్నాను. వారం తిరక్కుండానే తోడికోడలు వాటి బోనులో పెట్టడానికో చెక్క గూడు తెచ్చింది. ఎర్ర కప్పు, ముందువైపు ముచ్చటైన గుమ్మం. అంతే! "మా పిన్ని తెచ్చిన గూడు" అని వీధంతా చాటింపు. వాటిని కొన్న అమ్మ ఊసే లేదు. ఒళ్ళు మండిపోయింది నాకు.

గూడు వచ్చాక వాటి తీరు మారింది. నల్లది లోపల కూర్చుని, తెల్లది దగ్గరికి రాగానే పళ్ళు టకటకలాడించేది. ఆడుకుంటున్నాయనుకున్నాం. ఒక ఆదివారం మధ్యాహ్నం డాబా మీద కాయలు ఏరుతుంటే కింద నుంచి కీచుమని అరుపు, దాని వెంటే మా అమ్మాయి కేక. మెట్లు ఎలా దిగానో తెలీదు. తెల్లదాని వీపు మీద బొచ్చు ఊడి రక్తం కారుతోంది. అది గూట్లో మూలకి ఒదిగిపోయింది, నల్లది గుమ్మానికి అడ్డంగా నిలబడి ఇంకా మీదికి ఉరుకుతోంది. చేతులు చాచాను.

"ముట్టుకోకమ్మా! దానికి మండుద్ది! పిన్నీ!"

తోడికోడలు పరిగెత్తుకొచ్చింది. నల్లదాని మీద తువ్వాలు కప్పి పక్కకి తీసింది. తెల్లదాన్ని మెల్లగా ఎత్తి గుండెకి ఆనించుకుంది. నా బిడ్డ వెళ్ళి ఆవిడ నడుముకి అతుక్కుంది. నేను రెండు చేతులూ గాల్లో పెట్టుకుని అక్కడే దిష్టిబొమ్మలా నిలబడ్డాను.

పశువుల డాక్టరు గారి దగ్గరికి అందరం వెళ్ళాం. ఆయన గాయం చూస్తూ అడిగారు.

"గూటికి గుమ్మాలెన్నండీ?"

"ఒకటేనండీ" అంది తోడికోడలు.

"అదే వచ్చింది తంటా. రెండు మగవి. లోపల దొరికిపోయిన దానికి పారిపోయే దారేదమ్మా? గూడు తీసేయండి. తిండి గిన్నెలు కూడా విడివిడిగా పెట్టండి."

తోడికోడలి మొహం మాడిపోయింది. నిజం చెప్పొద్దూ, నా కడుపు చల్లబడింది.

గాయాన్ని గోరువెచ్చని ఉప్పునీళ్ళతో తుడిచి మందు రాయమన్నారు. ఈగ వాలనివ్వొద్దన్నారు. బోను మధ్యలో ఇనుప జాలీ అడ్డం పెట్టి పక్కపక్కనే ఉంచమన్నారు, ఒకదాన్నొకటి మరిచిపోతే మళ్ళీ కలవడం కష్టమట. ఇంట్లో అందరూ తెల్లదాన్ని ముద్దు చేశారు, నల్లదాన్ని రాక్షసి అన్నారు. నాకు మాత్రం నల్లదే నచ్చింది. తన చోటులోకి ఇంకొకరు వచ్చి కూర్చుంటే ఎంతకని ఊరుకుంటుంది? ఎవరూ చూడకుండా దానికి కొత్తిమీర పెట్టేదాన్ని, పట్టకారుతో.

గాయం కడగడం మాత్రం తోడికోడలి వంతే అయింది. రోజూ చూసి చూసి ఇక నా వల్ల కాలేదు. ఒకరోజు కాయల జోలికి పోకుండా కొబ్బరినూనె రాసుకున్నాను, మజ్జిగలో చేతులు నానబెట్టాను, గోళ్ళ సందులు కూడా తోముకున్నాను. సాయంత్రం ఉప్పునీళ్ళ గిన్నె దగ్గరికెళ్ళి నిలబడ్డాను.

"ఇవాళ నేను కడుగుతా."

మా అమ్మాయి పిన్ని వైపు చూసింది. తర్వాత నా చెయ్యి లాక్కుని, చూపుడు వేలు నోట్లో పెట్టుకుంది. కాసేపు అలాగే ఉండి, మింగి, నవ్వింది.

"మండట్లేదమ్మా. అస్సలు లేదు."

నా ప్రాణం లేచొచ్చింది. గిన్నె వైపు చెయ్యి చాపేలోపే అది నల్లదాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"నువ్వు దీన్ని పట్టుకో. దీనికి దెబ్బ లేదుగా."

తెల్లదాన్ని పిన్ని ఒళ్ళో పెట్టి గబగబా వంటింట్లోకి పోయింది. లోపల పంచదార డబ్బా మూత ఊడిన చప్పుడైంది. ఆ వెంటనే ఉస్సు ఉస్సుమని గాలి పీల్చుకోవడం వినిపించింది.

తోడికోడలికీ వినిపించింది. తెల్లదాన్ని పక్కన పెట్టి లేవబోయింది.

"కూర్చో అమ్మాయ్" అన్నాను, నల్లదాన్ని ఎత్తుకుని లేస్తూ. "అది నా కారం. నేను చూసుకుంటా."