తమ్ముడు బస్సెక్కాడు

నగరానికి ఎవరు, ఎందుకు వలస వస్తారో ముందుగా అంచనా వేసే ఆఫీసులో ఆమెకు ఉద్యోగం. సొంత ఊళ్ళో కూలి, ఇక్కడి కూలి, పని దొరికే అవకాశం, గది అద్దె, అన్నీ కంప్యూటరులో కలిపి నమూనా కట్టేది. ఆఫీసులో అందరికీ ఆమె "లెక్కలమ్మ".

ఆ రోజు తన ఊరి నూలు మిల్లు మూతపడితే ఏమవుతుందో చూసింది. వలస వచ్చేవాళ్ళ సంఖ్య చూపే గీత నిట్టనిలువుగా లేచింది. మనుషుల్ని కూలి కన్నా గట్టిగా లాగుతున్నది ఇంకొకటుంది: నగరంలో ముందే స్థిరపడిన చుట్టం. ఆ మిల్లులోనే తమ్ముడు పని చేస్తున్నాడు. వాడికి ఇక్కడున్న చుట్టం తనే.

సాయంత్రం వాడే ఫోన్ చేశాడు.

"అక్కా, మిల్లుకు తాళం పడింది. వచ్చేస్తున్నా."

"తొందరపడకురా! ఇక్కడ కూలి ఎక్కువే, కానీ పని దొరకాలి కదా. వచ్చినవాళ్ళు ఎంతమంది ఊరికే తిరుగుతున్నారో నీకు తెలీదు."

"నువ్వెళ్ళేటప్పుడు నీకెవరైనా ఈ లెక్కలు చెప్పారా?"

"అది వేరేరా. రెండ్రోజులాగు."

"బస్సెక్కేశాలే," అంటూ నవ్వి పెట్టేశాడు.

మర్నాడు వాడు రాలేదు. వాడి దగ్గర్నుంచి ఫోన్ కూడా లేదు. ఊళ్ళో ఉన్న మరదలు మాత్రం రెండుసార్లు చేసింది. "వదినా, ఆయన చేరారా?" "చేరతాడులేమ్మా," అంటూనే మళ్ళీ వాడి నంబరు నొక్కింది.

ఆ మరుసటి పొద్దున్నే, కొత్తగా వచ్చినవాళ్ళు పని కోసం ముందు చేరే కూలీల అడ్డాకు పరుగెత్తింది. తాపీలు, గమేళాలు పట్టుకున్న మగవాళ్ళు రోడ్డు అంచున కిక్కిరిసి ఉన్నారు. లారీ ఆగీ ఆగకముందే ఒకరి మీద ఒకరు పడి ఎక్కుతున్నారు. తోపులాటలో కింద పడ్డవాణ్ణి లేపే తీరిక ఎవరికీ లేదు. కంప్యూటరు తెర మీద చుక్కలుగా చూసిన జనం ఇంత దగ్గరగా, ఇంత ఆత్రంగా ఉంటారని ఆమెకు తట్టనే లేదు.

అక్కడున్న ఓ మేస్త్రీకి తమ్ముడి ఆనవాళ్ళు చెప్పి అడిగింది.

"పొడుగ్గా, కొత్తగా వచ్చినోడా? నిన్న గోడ కూల్చే పనిలో ఓ కొత్తోడు పైనుంచి పడ్డాడమ్మా. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు."

ఆటోలో ఎలా కూర్చుందో, వార్డు ఎలా వెతుక్కుందో తర్వాత గుర్తు రాలేదు. మూల మంచం మీద తలంతా కట్టు కట్టిన మనిషి. దుప్పటి బయట పాదాలు పొడుగ్గా, తమ్ముడి పాదాల్లాగే ఉన్నాయి. ముఖం చూసే ధైర్యం లేక అక్కడే నిలబడిపోయింది.

"అక్కా! నువ్విక్కడికెలా వచ్చావు?"

వెనక తమ్ముడు, చేతిలో మంచినీళ్ళ సీసాతో. చొక్కా నిండా ఎండిన నెత్తురు.

"ఇది నాది కాదక్కా, వీడిది. పక్కనే పని చేస్తున్నాం. వీడికిక్కడ ఎవరూ లేరు. ఫోన్ ఆ ఇటుకల కిందే పోయింది."

"నేరుగా ఇంటికెందుకు రాలేదురా?"

"పని చూసుకుని వద్దామనుకున్నా. ఉత్త చేతులతో వస్తే నువ్వు తిరిగి పంపించేస్తావని."

ఆమె వాడి వీపు మీద ఒక్కటి చరిచి, భోరున ఏడ్చింది.

"పద, ఊరెళ్ళిపోదువు గానీ."

"ఊళ్ళో ఏముందక్కా? రేపు ఇంకో చోట పనుందట."

వాడు వెళ్ళలేదు. ఆమె గదిలోనే ఉండిపోయాడు. పడ్డ మనిషి నెమ్మదిగా కోలుకున్నాడు. తమ్ముడు మాత్రం ఇప్పటికీ గోడలెక్కుతూనే ఉన్నాడు. చీకటి పడేవేళ మెట్ల మీద వాడి చెప్పుల చప్పుడు వినబడేదాకా ఆమెకు ముద్ద దిగదు.