బార్ సైట్లో ఫిర్యాదుల పేజీ

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. వెబ్‌సైట్లు చేయడం నేర్చుకున్న కొత్తలో నా సంగతీ అంతే. మనం చేసిన పేజీని చూసి లోకం ఆగిపోతుందనుకునే వయసది (ఆగేది నెట్టే). వికారాబాద్, తాండూరు, పరిగిల్లో మూడు బార్లున్న పటేలు ఒకాయన తన పాత సైటును కొత్తగా చేసిపెట్టమంటే, అడిగినదానికంటే నాలుగు పేజీలు ఎక్కువే చేశాను. కస్టమర్లు తమ మాట చెప్పుకునే పేజీ ఒకటి ఉండి తీరాలని నా పట్టుదల. పట్టుదల ఉన్నంత ఓపిక లేదు కాబట్టి, అంతకుముందు ఏదో ఆఫీసుకు చేసిన ఫిర్యాదుల పేజీని ఉన్నదున్నట్టు తెచ్చి అతికించాను. రోడ్డు, నీళ్లు, కరెంటు, బస్సు అని అందులో ఉన్న జాబితాను తీసేయడం మరిచిపోయాను. ఏది రాసినా "మీ సమస్య నమోదైంది. మూడు రోజుల్లో పరిష్కరిస్తాం" అని దానంతటదే జవాబు పోయేది.

మొదట తాండూరు బార్లో కూర్చున్నవాళ్లెవరో కరణ్‌కోట దారిలో గుంతల గురించి సరదాకు రాశారు. వెంటనే జవాబు వచ్చేసరికి వాళ్లకు ఎక్కింది దిగిపోయిందట. ఎవరికి రాసినా ఉలుకూ పలుకూ లేని చోట బార్ పలుకుతోందంటే మాట ఆగుతుందా? రెండు వారాల్లో కరెంటు స్తంభాలొచ్చాయి, వీధికుక్కలొచ్చాయి, ఒకాయన వియ్యంకుడి మీద కూడా రాశాడు (ఏ వరసలో పెట్టాలో తెలియక 'నీళ్లు' కింద పెట్టాడు). తాను నడుపుతున్నది బారా, కచేరీయా అని పటేలు నన్ను నిలదీశాడు.

ఆ పేజీ తీసేద్దామని వికారాబాద్ బార్లో కంప్యూటర్ తెరిచిన పొద్దున, పూడూరు వైపు నుంచి ఒక అవ్వ ఎవరిదో ట్రాక్టరెక్కి వచ్చింది. చేతిలో, ఎవరితోనో రాయించిన ఫిర్యాదుకు వచ్చిన మా జవాబు, జిరాక్స్ షాపులో తీయించిన కాగితం. వాళ్ల ఊళ్లో పొద్దటి బస్సు ఆగడం మానేసిందట. ఆస్పత్రికి రాలేక షుగరు గోలీలు అయిపోయి పది రోజులైందట. ఆ జవాబు మనిషి రాసింది కాదని, కంప్యూటరే పంపుతుందని నేను చాలా శాస్త్రీయంగా వివరించాను.

"ఎవలు రాస్తేంది కొడుకా? మూడొద్దులన్నరు. నాలుగొద్దులాయె, బస్సు ఆగలె" అంది.

గల్లాపెట్టె దగ్గరున్న పటేలు నా వైపు చూశాడు. నేను కీబోర్డు వైపు చూశాను.

"మాటిచ్చింది నువ్వు గద తమ్మీ. నువ్వే తోల్కపో" అని సరుకు తెచ్చే వ్యాను పిలిపించి, అవ్వతో పాటు నన్నూ ఎక్కించాడు. బస్సు ఆగేదాకా ప్రతి మంగళవారం అవ్వను ఆస్పత్రికి తీసుకెళ్లి మళ్లీ ఊళ్లో దింపాలని తీర్పు చెప్పాడు. వ్యాను పక్క రేకు మీద ఈ చివర నుంచి ఆ చివరకు పెద్ద సీసా బొమ్మ. రెండో వారానికి ఇంకో నలుగురు ముసలివాళ్లు ఎక్కారు. రెండు నెలలకు బస్సు మళ్లీ ఆగింది. స్టాపులో జనం బార్ బండి ఎక్కడం చూసి బస్సు వాళ్లకు రోషమొచ్చిందని ఊళ్లో చెప్పుకున్నారు.

ఆ మంగళవారాలన్నీ తెలిసినవాళ్లు చూస్తారేమోనని నేను ముందు సీట్లో తల వంచుకుని కూర్చున్నాను. అవ్వ మాత్రం అద్దం దింపించుకుని దారిలో కనిపించినవాళ్లందరినీ పలకరించేది. తర్వాత పెద్ద పెద్ద కంపెనీలకు ఎన్నో అందమైన సైట్లు చేశాను. ఒక్కటీ ఎవరినీ ఎక్కడికీ చేర్చలేదు. చేర్చిన ఆ ఒక్కదాన్ని చూసి సిగ్గుపడ్డ కుర్రాణ్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, వాడి మీద కాస్త జాలీ వేస్తుంది.